‘హన్మకొండ’లో మ ఒత్తు తెగితే ముందు ఏం చూడాలి

మార్కెట్ ధరలు చూపించే యాప్ ఒకటి ఉందనుకుందాం. పైన మార్కెట్ ఎంచుకునే బటన్ల వరుస: వరంగల్, హన్మకొండ, నర్సంపేట, పరకాల, తొర్రూరు. కింద మిర్చి రకాలు, క్వింటాలు ధర. చేసినవాళ్ల ఫోన్లో అంతా కుదురుగానే ఉంటుంది. వరంగల్ ఎనుమాముల మార్కెట్ యార్డులో నిలబడ్డ రైతు ఫోన్లో మాత్రం ‘హన్మకొండ’లో న కింద ఉండాల్సిన మ ఒత్తు సగానికి తెగిపోతుంది. స్క్రీన్‌షాట్ టీమ్ వాట్సాప్ గ్రూపులో పడుతుంది. ఎవరో ఒకరు స్టైల్ ఫైలు (రంగులు, కొలతలు రాసి ఉండేది) తెరిచి, బటన్ ఎత్తు 36 ఉన్నదాన్ని 40 చేసి, తన ఫోన్లో నడిపి, “అయిపోయింది, చూడండి” అంటారు. నాలుగు రోజులు పోయాక ఇంకో ఫోన్ నుంచి ఇంకో స్క్రీన్‌షాట్ వస్తుంది. ఈసారి 40 కాస్తా 44 అవుతుంది.

మడికొండ ఐటీ పార్కులోనైనా, హన్మకొండలో రెండు గదుల ఆఫీసులోనైనా, కాలేజీ ఫైనలియర్ ప్రాజెక్టులోనైనా ఇదే వరస. హాట్ రీలోడ్ వచ్చాక ఇంకా ముదిరింది. అంకె మార్చగానే తెర మారుతుంది కాబట్టి, ఆ అంకె ఎందుకు మార్చామో ఎవరూ అడగరు. నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. తెరమీద తప్పు కనబడితే ముందు స్టైల్ ఫైలు తెరవొద్దు. నడుస్తున్న యాప్‌లో, ఆ ఫోన్ సెట్టింగులతో, ఆ బటన్ దగ్గర చివరికి తేలిన విలువలు చదవండి. అవి చేతికొచ్చాక ఫైలు తెరిస్తే ఏ వరుస మార్చాలో తెలుస్తుంది. ముందే తెరిస్తే దొరికేది మనం ఏం కోరుకున్నామన్నదే. అది మనకు తెలిసిందే కదా.

వెబ్ పని చేసినవాళ్లకు ఇది కొత్త కాదు. క్రోమ్‌లో కంప్యూటెడ్ అనే ట్యాబ్ ఉంటుంది, ఏ రూలు గెలిచిందో, ఏది కొట్టుకుపోయిందో అక్కడే తేలిపోతుంది. మొబైల్‌కు వచ్చేసరికి మాత్రం అలాంటిదొకటి ఉందన్న సంగతే చాలామంది మరిచిపోతారు. నిజానికి ఇక్కడే దాని అవసరం ఎక్కువ. బ్రౌజర్‌లో స్టైల్ షీట్లు మనవి. ఫోన్లో థీమ్, లైబ్రరీ, ఆండ్రాయిడ్ వెర్షన్, ఫోన్ కంపెనీ, వాడే మనిషి పెట్టుకున్న అక్షరాల సైజు, అన్నీ కలిసి ఒక విలువను తేలుస్తాయి. మనం రాసింది అందులో ఒక ఓటు మాత్రమే.

ఆ బటన్ లెక్కే వేద్దాం. డీపీ, ఎస్పీ ఆండ్రాయిడ్ కొలతలు: డీపీ డబ్బాలకు, ఎస్పీ అక్షరాలకు. ఫాంట్ స్కేల్ అంటే వాడే మనిషి పెట్టుకున్న అక్షరాల సైజు గుణకం. ఎత్తు 36 డీపీ, స్థిరం. పైనా కిందా ప్యాడింగ్ (లోపలి ఖాళీ) 8 చొప్పున. అక్షరం 14 ఎస్పీ, లైన్ హైట్ 20 ఎస్పీ. ఫాంట్ స్కేల్ 1 ఉన్న ఫోన్లో 20కి 16 కలిపితే సరిగ్గా 36. ఒక్క డీపీ కూడా మిగల్లేదు, అయినా పట్టింది కాబట్టి ఎవరికీ అనుమానం రాదు. ఇప్పుడు సెట్టింగుల్లో అక్షరాలు పెద్దవి చేసుకున్న ఫోన్ తీసుకోండి, స్కేల్ 1.3 అనుకుందాం. అక్షరం 18.2 అవుతుంది, లైన్ హైట్ 26 అవుతుంది. 16 కలిపితే 42. డబ్బా మాత్రం 36 దగ్గరే ఆగింది, ఎందుకంటే డీపీ ఫాంట్ స్కేల్‌తో పెరగదు, ఎస్పీ పెరుగుతుంది. టెక్స్ట్ వ్యూలో, అంటే ఆండ్రాయిడ్‌లో అక్షరాలు చూపించే డబ్బాలో, అక్షరాల ఎత్తు డబ్బాను మించితే గ్రావిటీ సెంటర్ (మధ్యలో ఉంచు) అని పెట్టినా పనిచేయదు. టెక్స్ట్ పైనుంచి మొదలవుతుంది, మించిన 6 డీపీ కింద తెగుతుంది. ఇంగ్లిష్ పదమైతే ఆ తెగే చోట దాదాపు ఖాళీయే కాబట్టి బతికిపోతుంది. తెలుగులో అక్కడ ఒత్తు ఉంటుంది.

ఎత్తు 40 చేసినా 2 డీపీ తెగుతూనే ఉంటుంది. 44 చేస్తే ఈ ఫోన్లో నయమవుతుంది, ఇంకా పెద్ద అక్షరాలు పెట్టుకున్నవాళ్ల ఫోన్లో మళ్లీ మొదలు. సరైన మందు కనీస ఎత్తు 36 అని చెప్పి, అసలు ఎత్తును లోపలి సరుకుకు వదిలేయడం.

ఆండ్రాయిడ్ 13 వరకు ఇలా నోటితోనైనా గుణించుకోవచ్చు. ఆండ్రాయిడ్ 14 నుంచి ఫాంట్ స్కేల్ 200 శాతం దాకా వెళ్తుంది, పైగా పెంపు అందరికీ సమానంగా ఉండదు. చిన్న అక్షరాలు ఎక్కువ పెరుగుతాయి, ముందే పెద్దగా ఉన్న హెడింగులు తక్కువ పెరుగుతాయి. 14 ఎస్పీని, 24 ఎస్పీని ఒకే అంకెతో గుణించి తేల్చే రోజులు పోయాయి. విలువ తెలియాలంటే చదవాల్సిందే.

తెలుగువాళ్లకు ఇంకో లొల్లి కూడా ఉంది, దీని గురించి మన దగ్గర పెద్దగా మాట్లాడుకోరు. ఆండ్రాయిడ్‌లో ఎలిగెంట్ టెక్స్ట్ హైట్ అని ఒక గుణం ఉంది. అది ఆఫ్‌లో ఉంటే నిలువుగా ఎక్కువ చోటు కావాల్సిన లిపులకు ఫోన్ కుదించిన రకం ఫాంట్ వాడేది. తెలుగు, కన్నడ, తమిళం, మలయాళం, గుజరాతీ, ఒడియా, అరబిక్, థాయ్ లాంటివన్నీ ఆ జాబితాలో ఉన్నాయి. ఇంగ్లిష్ కోసం కొలిచిన డబ్బాలో పట్టాలని చేసిన సర్దుబాటు అది. యాప్ టార్గెట్ ఎస్‌డీకే (యాప్ ఏ ఆండ్రాయిడ్ వెర్షన్‌ను ఉద్దేశించిందో చెప్పే అంకె) 35 చేస్తే, ఆండ్రాయిడ్ 15 ఫోన్లలో ఈ గుణం దానంతటదే ఆన్ అవుతుంది. అక్షరాలు వాటి అసలు ఎత్తుకు వస్తాయి. చదవడానికి బాగుంటుంది, కాని లైన్ ఎత్తు పెరుగుతుంది. 2025 ఆగస్టు 31 నుంచి ప్లే స్టోర్‌లో కొత్త యాప్‌కైనా అప్‌డేట్‌కైనా టార్గెట్ కనీసం 35 ఉండాలన్న రూలు వచ్చింది. అంటే స్టైల్ ఫైలులో ఒక్క అక్షరం ముట్టుకోకుండానే, బిల్డ్ ఫైలులో 34ని 35 చేసినందుకు తెలుగు తెరలన్నీ కదిలిపోతాయి. స్టైల్ ఫైలు ఎన్నిసార్లు తిరగేసినా ఇది దొరకదు, కోడ్ మార్పులు దాచే గిట్ చరిత్రలో కూడా ఆ ఫైలు మారినట్టు ఉండదు. పాత బిల్డు, కొత్త బిల్డు పక్కపక్కన పెట్టి అదే టెక్స్ట్ వ్యూ ఎత్తు చదివితే మాత్రం నిమిషంలో బయటపడుతుంది.

ఎలా చదవాలి

మొదట ఆ ఫోన్ పరిస్థితిని మన దగ్గర తెచ్చుకోవాలి. ఏడీబీతో (కంప్యూటర్ నుంచి ఫోన్‌కు కమాండులు పంపే సాధనం) సిస్టమ్ సెట్టింగుల్లో ఫాంట్ స్కేల్‌ను 1.3 చేయొచ్చు, డబ్ల్యూఎమ్ డెన్సిటీ కమాండుతో తెర డెన్సిటీ (అంగుళానికి ఎన్ని పిక్సెళ్లన్న లెక్క) మార్చొచ్చు. రెండూ వేర్వేరు సంగతులు. సెట్టింగుల్లో ‘ఫాంట్ సైజ్’ ఎస్పీని మాత్రమే పెంచుతుంది, ‘డిస్‌ప్లే సైజ్’ డెన్సిటీనే మార్చేస్తుంది. వెడల్పు 720 పిక్సెళ్లు, డెన్సిటీ 320 ఉన్న ఫోన్లో తెర వెడల్పు 360 డీపీ. డిస్‌ప్లే సైజ్ పెంచి డెన్సిటీ 360 అయిందంటే అదే తెర 320 డీపీకి తగ్గుతుంది. ఒక వరుసలో పట్టిన బటన్లు ఇప్పుడు పట్టవు. రైతును అడగాల్సింది ఈ రెండు సెట్టింగులే, ఫోన్ మోడల్ ఆ తర్వాత. పని అయ్యాక డెన్సిటీ రీసెట్ చేయడం మరిచిపోతే మీ ఫోనే మీకు పరాయిదవుతుంది.

వాట్సాప్‌లో వచ్చిన స్క్రీన్‌షాట్‌ను స్కేలు పెట్టి కొలిచేవాళ్లు ఉంటారు. దానివల్ల లాభం లేదు. పంపేటప్పుడే బొమ్మ కుదించుకుపోతుంది, పిక్సెల్ లెక్క అక్కడికే అయిపోయింది. కావాలంటే డాక్యుమెంట్‌గా పంపమనండి.

ఆండ్రాయిడ్ స్టూడియోలో లేఅవుట్ ఇన్‌స్పెక్టర్ ఉంది. ఎడమన వ్యూల చెట్టు, మధ్యలో తెర, కుడివైపు ఆట్రిబ్యూట్లు. అందులో టెక్స్ట్ సైజ్ 36.4 పిక్సెళ్లు అని కనబడిందనుకోండి. డెన్సిటీ 320 ఉన్న ఫోన్లో ఒక డీపీకి 2 పిక్సెళ్లు కాబట్టి 2తో భాగిస్తే 18.2. ఆండ్రాయిడ్ 13 వరకున్న ఫోన్ అయితే, మనం రాసిన 14తో భాగిస్తే 1.3. ఫాంట్ స్కేల్ అక్షరానికి తగిలిందని తేలింది. వ్యూ ఎత్తు 72 పిక్సెళ్లు ఉంటే 36 డీపీ, అంటే డబ్బా కదలలేదు. రెండు అంకెలతో కేసు తేలిపోయింది, ఇక ఎవరూ ఊహించాల్సిన పని లేదు.

అదే ప్యానెల్‌లో అంతకంటే విలువైనది ఇంకొకటి ఉంది. ఆండ్రాయిడ్ 10, ఆపై ఫోన్లలో ఒక ఆట్రిబ్యూట్‌ను విప్పితే ఆ విలువ ఎక్కడినుంచి వచ్చిందో దొంతర కనబడుతుంది: లేఅవుట్ ఫైలులోదా, స్టైల్‌దా, థీమ్‌దా, ఏది దేన్ని కొట్టేసింది. దీని అవసరం బాగా తెలిసేది బటన్ రంగు దగ్గర. లేఅవుట్‌లో మామూలు బటన్ పెట్టి బ్యాక్‌గ్రౌండ్ మిర్చి ఎరుపు అని రాస్తారు, తెరమీద మాత్రం థీమ్ ప్రైమరీ రంగు వస్తుంది. కారణం ఏమంటే, యాప్ థీమ్ మెటీరియల్ కాంపొనెంట్స్ (గూగుల్ డిజైన్ లైబ్రరీ)ది అయితే ఆ మామూలు బటన్ దానంతటదే మెటీరియల్ బటన్‌గా తయారవుతుంది. దానికి బ్యాక్‌గ్రౌండ్ టింట్ వేరే ఉంటుంది, అది మన రంగు మీద పూత పూస్తుంది. బ్యాక్‌గ్రౌండ్ వరుసను ఎన్నిసార్లు మార్చినా పూత అలాగే ఉంటుంది. ఇన్‌స్పెక్టర్‌లో క్లాసు పేరు మెటీరియల్ బటన్ అని చూస్తేనే సగం అర్థమవుతుంది, టింట్ విలువ చూస్తే మిగతా సగం. మార్చాల్సింది టింట్‌ను. ఎత్తు దగ్గర కూడా ఇదే బటన్ ఇంకో మాట దాస్తుంది: కొలత 48 డీపీ, కంటికి కనబడేది 36. పైన 6, కింద 6 ఇన్‌సెట్ (అంచు లోపలి ఖాళీ) తింటుంది. మార్జిన్ తప్పిందని వెతికేవాళ్లు తప్పు చోట వెతుకుతున్నట్టు.

లేఅవుట్ ఇన్‌స్పెక్టర్‌తో ఒక చిక్కు ఉంది. వ్యూ ఆట్రిబ్యూట్లు చదవడానికి అది ఒక సెట్టింగ్ ఆన్ చేస్తుంది, అప్పుడు యాక్టివిటీ మళ్లీ మొదలవుతుంది. కీబోర్డ్ తెరిచినప్పుడో, జాబితా సగం దాకా జరిపినప్పుడో మాత్రమే వచ్చే తప్పు ఈలోగా మాయమైపోతుంది. అందుకే డెవలపర్ ఆప్షన్స్‌లో వ్యూ ఆట్రిబ్యూట్ ఇన్‌స్పెక్షన్‌ను ముందే ఆన్ చేసి పెట్టుకోవాలి. ఇంకొకటి: ఇది డీబగ్ చేయగలిగే బిల్డుకే పనిచేస్తుంది. ప్లే స్టోర్‌లో దింపిన యాప్‌ను ఇలా తెరవలేరు. దానికి మిగిలేది డెవలపర్ ఆప్షన్స్‌లోని షో లేఅవుట్ బౌండ్స్. అది గీతలు చూపిస్తుంది కాని అంకెలు చెప్పదు.

కంపోజ్‌లో (ఆండ్రాయిడ్ తెరలను కోడ్‌లోనే రాసే పద్ధతి) స్టైల్ ఫైలు అనేదే ఉండదు, అయినా తేలిన విలువ మనం రాసినదే అనుకుంటే పొరపాటు. చెక్‌బాక్స్ పెడితే కంటికి చిన్నగానే ఉంటుంది, వరుసలో మాత్రం 48 డీపీ చోటు తీసుకుంటుంది, వేలు తగలడానికి కావాల్సిన కనీస కొలత అని. ప్యాడింగ్ ఏమీ పెట్టకపోయినా ఈ ఖాళీ ఎక్కడిదని పరేషాన్ అయ్యేది ఇక్కడే. మెటీరియల్ 3లో బాడీ లార్జ్ అనే అక్షర శైలి అంటే 16 ఎస్పీ అక్షరం, 24 ఎస్పీ లైన్ హైట్, 0.5 ఎస్పీ లెటర్ స్పేసింగ్. ఆ లెటర్ స్పేసింగ్ ఇంగ్లిష్ అక్షరాల కోసం పెట్టింది. తెలుగులో నాకు అది అనవసరమైన వదులుగా కనిపిస్తుంది. తీసేయాలంటే ముందు అది ఉందని తెలియాలి. కంపోజ్ 1.6 నుంచి ఫాంట్ ప్యాడింగ్ (అక్షరాల పైనా కిందా ఉంచే అదనపు చోటు) కూడా డిఫాల్ట్‌గా లేదు. లైబ్రరీ వెర్షన్ మార్చిన రోజు టెక్స్ట్ ఎత్తులు తగ్గితే ఆశ్చర్యపోవద్దు.

రియాక్ట్ నేటివ్ (జావాస్క్రిప్ట్‌తో మొబైల్ యాప్ రాసే పద్ధతి) వాళ్లకు డెవ్ మెనూలోనే ఎలిమెంట్ ఇన్‌స్పెక్టర్ ఉంది. ఫోన్ ఊపితే మెనూ వస్తుంది, ఎలిమెంట్ మీద నొక్కితే కలిపేసిన స్టైలు, మార్జిన్, ప్యాడింగ్, కొలతలు కనబడతాయి. ఇక్కడ ‘కలిపేసిన’ అన్నదే అసలు సంగతి. స్టైల్‌ను వరుసగా ఇస్తాం: మొదట బేస్, తర్వాత బయటినుంచి వచ్చింది. వెనక వచ్చింది గెలుస్తుంది, అంతవరకు అందరికీ తెలుసు. వెనక వచ్చినదాంట్లో రంగు అనే పేరు ఉండి విలువ అన్‌డిఫైన్డ్ (ఏమీ ఇవ్వనిది) అయినా అదే గెలుస్తుంది, ఇది తెలియదు. పిలిచినవాళ్లు రంగు ఇవ్వలేదు, మనం దాన్ని అలాగే కిందికి పంపాం, బేస్‌లో పెట్టిన ముదురు బూడిద ఎగిరిపోయింది. టెక్స్ట్‌కు థీమ్ ఇచ్చే రంగు వస్తుంది. మామూలు ఫోన్లో అది నల్లగానే ఉంటుంది కాబట్టి ఎవరూ పట్టించుకోరు. డార్క్ మోడ్ పెట్టిన ఫోన్లో తెల్ల కార్డు మీద తెల్ల అక్షరం. ఫైలు చదివితే బేస్‌లో రంగు నిక్షేపంగా ఉంటుంది. ఇన్‌స్పెక్టర్‌లో చూస్తే రంగు లేదు.

రియాక్ట్ నేటివ్‌లో ఇంకో చిన్న సంగతి. వ్యూ మీద రాసిన ఫాంట్, రంగు లోపలి టెక్స్ట్‌కు దిగవు. టెక్స్ట్‌లో టెక్స్ట్ ఉంటేనే దిగుతాయి. వెబ్ నుంచి వచ్చినవాళ్లు మొదట దెబ్బతినేది దీని దగ్గరే.

ఫ్లట్టర్‌లో (గూగుల్ యాప్ ఫ్రేమ్‌వర్క్) టెక్స్ట్ విడ్జెట్‌ను ఎంచుకుని స్టైల్ చూస్తే మనం రాసిందే కనబడుతుంది, ఖాళీ అయితే ఖాళీయే. తేలిన విలువ దాని కింద ఉండే రిచ్‌టెక్స్ట్‌లో ఉంటుంది, ఎందుకంటే చుట్టూ ఉన్న డిఫాల్ట్ టెక్స్ట్ స్టైల్‌తో కలపడం ఆ మధ్యలో జరుగుతుంది. ఇన్‌స్పెక్టర్‌లో ఇంప్లిమెంటేషన్ విడ్జెట్లు చూపించమని టిక్ పెడితే అది కనబడుతుంది. టెక్స్ట్ స్టైల్‌లో హైట్ అంటే డీపీ కాదు, ఫాంట్ సైజుకు గుణకం. 14కి 1.2 ఇస్తే 16.8. ఇంగ్లిష్ డిజైన్‌లో ముచ్చటగా ఉండే ఈ 1.2, ‘రాష్ట్రం’, ‘స్త్రీనిధి’ లాంటి మాటల్లో రెండు ఒత్తులు కింది వరుస గుడి మీద కూర్చునేలా చేస్తుంది. అన్నట్టు, తెర నిండా పెద్ద ఎర్ర అక్షరాలు, కింద జంట పసుపు గీతలు వస్తే స్టైల్ వెతకొద్దు. పైన మెటీరియల్ గాని స్కాఫోల్డ్ గాని లేదని ఫ్లట్టర్ అరుస్తున్న అరుపు అది.

ఐఫోన్ వాళ్లకు ఎక్స్‌కోడ్‌లో వ్యూ హైరార్కీ డీబగ్గర్ ఉంది, పని అదే.

వెబ్‌వ్యూ (యాప్ లోపల వెబ్ పేజీ చూపించే డబ్బా) మీద కట్టిన హైబ్రిడ్ యాప్ అయితే యూఎస్‌బీ పెట్టి, క్రోమ్ ఇన్‌స్పెక్ట్ పేజీ తెరిస్తే మామూలు కంప్యూటెడ్ ట్యాబే దొరుకుతుంది. యాప్‌లో వెబ్ డీబగ్గింగ్ ఆన్ అయి ఉండాలి. ఇక్కడ చూడాల్సింది రెండు. ఒకటి, ఆండ్రాయిడ్ వెబ్‌వ్యూ ఫోన్ ఫాంట్ స్కేల్‌ను టెక్స్ట్ జూమ్‌గా తీసుకుంటుంది, రూట్ ఫాంట్ సైజు పెరుగుతుంది, రెమ్‌లో (రూట్ ఫాంట్ సైజుకు గుణకం) రాసిన వెడల్పులు, ఖాళీలు కూడా దాంతోపాటు ఉబ్బుతాయి. రెండోది, ఆ ట్యాబ్ అడుగున రెండర్డ్ ఫాంట్స్ అని ఉంటుంది. స్టైల్‌లో పాపిన్స్ అని రాసి ఉంటుంది, పాపిన్స్‌లో తెలుగు లేదు. తెలుగు అక్షరాలు ఏ ఫాంట్ నుంచి వచ్చాయో ఆ అడుగు వరుస చెప్తుంది. నేటివ్ ఇన్‌స్పెక్టర్లు ఈ ఉపకారం చేయవు. అడిగిన ఫాంట్ పేరు చూపిస్తాయి, వచ్చిన ఫాంట్ పేరు చెప్పవు. తెలుగు యాప్ చేస్తూ హింద్ గుంటూరు, అనెక్ తెలుగు, నోటో సాన్స్ తెలుగు లాంటి ఫాంట్ ఒకటి యాప్‌లోనే కట్టి పంపమనేది ఇందుకే. లేకపోతే లైన్ ఎత్తు ఫోన్ కంపెనీ చేతిలో ఉంటుంది.

టోకెన్లు ఉన్నాయి కదా అనేవాళ్లకు

డిజైన్ సిస్టమ్ పక్కాగా ఉంటే, రంగులూ కొలతలూ అన్నీ టోకెన్లుగా (ఒకచోట పేరు పెట్టి ఉంచిన విలువలు) పెడితే ఈ తతంగం ఎందుకని ఒక వాదన ఉంది. అందులో కొంత నిజముంది. టోకెన్లుంటే తప్పు ఒకచోట దిద్దితే అంతటా పోతుంది. కాని టోకెన్ రాసే వైపు క్రమశిక్షణ, తేలే వైపు హామీ కాదు. పై తప్పుల్లో ఫాంట్ స్కేల్, టార్గెట్ 35, మెటీరియల్ టింట్, అన్‌డిఫైన్డ్ రంగు, ఏ ఒక్కటీ టోకెన్ ఆపేది కాదు. మిర్చి యార్డులో బస్తా మీద రాసిన పేరు చూసి ధర పెట్టరు, బస్తాలో చెయ్యి పెట్టి కాయ తీసి చూస్తారు. టోకెన్ పేరు బస్తా మీది రాత.

ఇంకో అభ్యంతరం దీనికంటే గట్టిది. ఇన్‌స్పెక్టర్ చూపించేది కూడా ఆఖరి మాట కాదు కదా అని. నిజమే, కాదు. అక్షరం రంగు 33, 33, 33 అని చూపిస్తుంది. తెల్లని కార్డు మీద దాని కాంట్రాస్ట్ దాదాపు 16. కాని ఆ టెక్స్ట్‌కు గాని, దాని పైనున్న డబ్బాకు గాని ఒపాసిటీ 0.6 ఉంటే తెరమీద పడే రంగు 122, 122, 122. కాంట్రాస్ట్ 4.3కి పడిపోతుంది. మామూలు సైజు అక్షరాలకు 4.5 ఉండాలన్నది అందరూ పాటించే లెక్క. మార్చి ఎండలో యార్డులో ఆ ధర కనబడదు. ఒపాసిటీలు ఒకదానిలో ఒకటి ఉంటే గుణించుకుపోతాయి, 0.6లో 0.8 ఉంటే 0.48. అందుకే రంగు ఒక్కటి చదివి ఆగకుండా, చెట్టులో పైకి ఎక్కుతూ ప్రతి తల్లి వ్యూ ఆల్ఫా (ఒపాసిటీ) కూడా చూడాలి. బూడిద కావాలంటే బూడిద రంగే ఇవ్వండి, నలుపు ఇచ్చి ఒపాసిటీతో పలచన చేయొద్దు.

ఫోర్స్ డార్క్ ఇంకా మొండిది. కొన్ని ఫోన్లు డార్క్ మోడ్‌లో, యాప్ ఒప్పుకున్నా ఒప్పుకోకపోయినా, గీసే సమయంలో రంగులు తిప్పేస్తాయి. వ్యూలో ఉన్న విలువ తెలుపే, ఇన్‌స్పెక్టర్ తెలుపనే చెప్తుంది, కంటికి ముదురు బూడిద కనబడుతుంది. అలాంటప్పుడు ఏడీబీతో స్క్రీన్‌క్యాప్ తీసి, ఏదైనా బొమ్మల ప్రోగ్రామ్‌లో కలర్ పికర్‌తో ఆ చోటి పిక్సెల్ రంగు చదవండి. ఇన్‌స్పెక్టర్ చెప్పిన రంగుకూ, పైనుంచి లెక్క కట్టిన ఆల్ఫాకూ ఆ పిక్సెల్ సరిపోలితే తప్పు మీ కోడ్‌లో ఉంది. సరిపోలకపోతే థీమ్‌లో ఫోర్స్ డార్క్ అలౌడ్‌ను ఫాల్స్ చేసి అదే ఫోన్లో మళ్లీ చదవండి. అప్పటికీ తేడా ఉంటే ఫోన్ సెట్టింగుల్లో ఆ యాప్‌కు డార్క్ మోడ్ విడిగా ఆపే స్విచ్ ఉందేమో చూడండి, చాలా కంపెనీలు యాప్‌ల జాబితాతో సహా ఇస్తాయి. ఆపగానే రంగు తిరిగొస్తే బగ్ టికెట్లో మూడు విలువలూ రాయండి: కోడ్‌లో ఉన్నది, ఇన్‌స్పెక్టర్‌లో ఉన్నది, పిక్సెల్‌లో ఉన్నది. పక్కనే ఫాంట్ స్కేల్, డెన్సిటీ, ఆండ్రాయిడ్ వెర్షన్, టార్గెట్ ఎస్‌డీకే.